తల అరిగిన స్క్రూ

వార్షిక సంచికకు ఏదైనా రాయమంటే మనలో చాలామంది చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాస్తాం. మేము ఈసారి ఒక స్క్రూ గురించి రాస్తున్నాం. నవ్వకండి, అది మా చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది.

మా ఇల్లు యారాడలో. డాల్ఫిన్ నోస్ కొండ దాటి ఘాట్ రోడ్డు దిగితే మూడు పక్కలా కొండలు, ఒక పక్క సముద్రం. చూడ్డానికి వచ్చేవాళ్లకు అందంగా ఉంటుంది గానీ ఇనుముకు మాత్రం ఆ ఉప్పు గాలి అస్సలు పడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధి తలుపు ఊడిపోయింది. తర్వాత నాన్న కొత్త తలుపు పెట్టించారు. తుప్పు పట్టవని మడత బందులు ఇత్తడివి కొన్నారు. స్క్రూలు మాత్రం ఇనుపవి వేశారు. పొరపాటు అక్కడే జరిగింది.

ఇత్తడి, ఇనుము ఒకదానికొకటి తగులుతూ ఉండి, వాటి మధ్య ఉప్పు తడి చేరితే అదొక చిన్న బ్యాటరీ. అందులో తరిగిపోయేది ఇనుమే. పెద్ద ఇత్తడి రేకుకు చిన్న ఇనుప స్క్రూ కనుక ఇంకా తొందరగా తింటుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే స్క్రూ రంధ్రంలో ఉబ్బి బిగుసుకుపోతుంది.

దసరా సెలవులకు వెళ్లేసరికి తలుపు వాలిపోయి గడపను రాస్తోంది. గడియ పడటం లేదు. నాన్నకు రాత్రి డ్యూటీ. అమ్మ బియ్యం డబ్బా తలుపుకు అడ్డం పెట్టి పడుకుంటోంది. పైగా తుపాన్ల కాలం. వడ్రంగిని పిలిస్తే ఒక రోజు కూలి ఇవ్వాలి. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతూ తలుపు బందు విప్పలేమా అని మేమూ, చిన్నాన్న కొడుకూ పనిలోకి దిగాం. తలుపు కింద ఇటుకలు, చెక్క పేర్చి బరువు ఆపాం. ఇది మరిచిపోతే తలుపు కాలి మీద పడుతుంది. పన్నెండు స్క్రూల్లో తొమ్మిది వచ్చాయి, మూడు కదల్లేదు. బలం కొద్దీ తిప్పితే ప్లస్ గాడి కాస్తా గుండ్రని గుంట అయింది. "ఎమ్మెస్సీ అంటే ఇదేనేట్రా?" అంది అమ్మ.

అసలు కారణం గాడి ఆకారంలోనే ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందిన రకం ఇది. గాడి గోడలు లోపలికి పోనుపోను వాలుగా సన్నబడతాయి. దానివల్ల స్క్రూ డ్రైవరు తనంతట తాను మధ్యలో కూర్చుంటుంది. కానీ గట్టిగా తిప్పితే ఆ వాలే దాన్ని పైకి నెట్టేస్తుంది. జారిన ప్రతిసారీ అంచులు కొంచెం అరుగుతాయి. పక్కింటి తాత పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి. చూసి ఒకే మాట అన్నారు: "ముందు నొక్కరా బాబూ, తర్వాత తిప్పు." టార్క్ లెక్కలు కట్టిన మాకు అది తట్టలేదు.

మొదటి స్క్రూ గాడిలో రంగు పేరుకుపోయి ఉంది. సూదితో గీకి, సరైన సైజు డ్రైవరు పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాం. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి ఒళ్లంతా మోపి నొక్కుతూ, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పితే కదిలింది. రెండోదానికి సోల్డరింగ్ ఐరన్ తెచ్చి తల మీద కాసేపు ఆనించాం. వేడికి సాగి, చల్లారాక ముడుచుకునేసరికి తుప్పు పట్టు వదిలింది. కిరసనాయిలు పోద్దామని తమ్ముడు అన్నాడు గానీ తాత వద్దన్నారు. నట్టూ బోల్టూ అయితే సరే, చెక్క దాన్ని పీల్చేసుకుంటుంది, తర్వాత అక్కడ ఫెవికాల్ అంటదు. వేడి పెట్టే చోట కిరసనాయిలు ప్రమాదం కూడా.

మూడోది దేనికీ లొంగలేదు. హాక్సా బ్లేడుతో కొత్త గాడి కోద్దామంటే తల రేకులోకి దిగి ఉంది, బందు కూడా తెగుతుంది. చివరికి తల మధ్యలో మేకుతో గుంట కొట్టి, స్క్రూ కాడ కంటే కాస్త లావు బిట్టుతో డ్రిల్లు చేశాం. కళ్లకు అద్దాలు తప్పనిసరి. తల తెగి బందు ఊడి వచ్చింది. మిగిలిన మొండిని కటింగ్ ప్లేయరుతో పట్టుకుని మెల్లగా తిప్పి తీశాం.

వదులైన రంధ్రాల్లో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు దిగ్గొట్టి రాత్రంతా ఆరనిచ్చాం. ఈసారి ఇత్తడి బందుకు ఇత్తడి స్క్రూలే. అయితే ఇత్తడి మెత్తన, నేరుగా బిగిస్తే విరుగుతుంది. అందుకని అదే కొలత ఇనుప స్క్రూతో ముందు దారి చేసి, తీసేసి, ఇత్తడి దానికి కొవ్వొత్తి మైనం రాసి బిగించాం.

గడియ పడింది. అమ్మ రెండు మూడుసార్లు వేసి, తీసి చూసుకుంది. కిటికీలకు కూడా అవే ఇనుప స్క్రూలు ఉన్నాయి. అవి సంక్రాంతి సెలవులకు.