వెనుదిరిగిన దారిలోనే గెలుపు

ప్రొఫెషనల్ సైక్లిస్టుగా ఎదగాలని మారిషస్‌లోని క్యూర్‌పిప్ అమ్మాయి కింబర్లీ లె కోర్ట్ చిన్న వయసులోనే యూరప్ వెళ్లింది. అక్కడ నిలదొక్కుకోలేక వెనుదిరిగింది. అయినా సైకిల్ వదల్లేదు. దక్షిణాఫ్రికాలో మౌంటెన్ బైక్ ఎక్కి, 2023లో వెరా లూసర్‌తో జంటగా కేప్ ఎపిక్ రేసు గెలిచింది. 2024లో ఏజీ ఇన్సూరెన్స్-సౌదాల్ జట్టులో చేరి మళ్లీ యూరప్ రోడ్లపైకి వచ్చింది. ఆ ఏడాదే ఇటలీ మహిళల జిరోలో చివరి స్టేజీ ఆమెదైంది.

2025 ఏప్రిల్‌లో బెల్జియంలో జరిగిన లీజ్-బాస్టోన్-లీజ్ రేసు ముగింపు స్ప్రింట్‌లో డెమీ వోలరింగ్ వంటి మేటినీ దాటి విజేతగా నిలిచింది. ఆ వేసవిలోనే టూర్ డి ఫ్రాన్స్ మహిళల రేసులో ఐదో స్టేజీ గెలిచింది. మొత్తం సమయంలో ముందున్నవారికి దక్కే పసుపు జెర్సీనీ ధరించింది. ఆఫ్రికా నుంచి ఈ ఘనత సాధించిన తొలి మహిళ ఆమే.

యూరప్ రోడ్లపై ఈ పెద్ద విజయాలన్నీ 28 ఏళ్లు నిండాక వచ్చినవే. ఆట మధ్యలో ఆపిన పిల్లలను చూసి ‘ఇక అయిపోయింది’ అనేసే ముందు, తల్లిదండ్రులు ఈ ద్వీపం బిడ్డను ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.