పాత వేగపు కార్లకు వెల కట్టడం: లోపం, వెల్లడి, ఒకే త్రాసు

నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల్లో ధాన్యానికి వెల కట్టడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిల్లుకు చేరగానే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి లోపలి గింజను బయటికి తీస్తారు. తేమ చూస్తారు, తాలు చూస్తారు, ఆ తర్వాతే ధర మాట్లాడతారు. ప్రభుత్వ కొనుగోలులోనైతే తేమ 17 శాతం మించరాదన్న కొలత ఉంది.

మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అది వాన వల్ల తడిసిందని వర్తకుడు సంజాయిషీ చెప్పుకున్నాడు. తడిసిన గింజను జనానికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడు తన వర్గంలోనివాడు కాడని హెచ్చరించారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వాన కురవడం వర్తకుని నేరం కాదు. తడిని అడుగున దాచడమే నేరం.

ధాన్యం విషయంలో ఇంత తేటగా ఉన్న ఈ న్యాయం పాత కారు దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది. కారులోకి గుచ్చి చూసే గొట్టం కొనేవాని చేతిలో ఉండదు. అందులోనూ మామూలు కార్ల కంటే ఎక్కువ శక్తి, ఎక్కువ వేగం కోసం ప్రత్యేకంగా తయారైన కార్ల విషయంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పంట డబ్బో, గల్ఫ్ దేశాల్లో కూడబెట్టిన డబ్బో పెట్టి కుటుంబంలోని యువకుడు అటువంటి కారు కొన్నప్పుడు, వెల తప్పితే నష్టపోయేది అతడొక్కడే కాదు, ఇల్లంతా. అందువల్ల వీటి వెల ఎలా నిర్ణయమవుతుందో, ఇస్లామీ ధర్మశాస్త్రం ఈ బేరంలో ఎవరి మీద ఏ బాధ్యత పెట్టిందో తెలుసుకోవడం అవసరం.

మామూలు లెక్క ఎందుకు సరిపోదు?

మామూలు కార్ల వెలకు ఒక స్థూలమైన లెక్క ఉంది. బీమా సంస్థలు వాడే తరుగుదల పట్టిక ప్రకారం కారు వయసు ఆరు నెలలు దాటి ఏడాది లోపు ఉంటే 15 శాతం, రెండేళ్ల లోపు 20 శాతం, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు తీస్తారు. అయిదేళ్లు దాటితే పట్టిక లేదు. బీమాదారు, సంస్థ కలిసి ఒప్పుకున్న విలువే విలువ. ఈ పట్టిక బీమా కోసం ఏర్పడింది. బజారు ధరను శాసించదు. అయినా ఊళ్లో రోజూ చేతులు మారే కార్లకు బజారు ధర దాదాపు ఇటువంటి మెట్ల మీదే దిగుతుంది. ఒకే రకం బండ్లు అనేకం అమ్ముడవుతాయి గనుక పోల్చి చూసుకోవడం కూడా సులభం.

వేగపు కార్లకు ఈ పోలిక దొరకదు. స్కోడా సంస్థ 2017లో ఆక్టేవియా వి.ఆర్.ఎస్. కారును 24 లక్షల 62 వేల రూపాయల షోరూం ధరకు మన దేశంలో విడుదల చేసింది. 2020లో 245 అశ్వశక్తి గల తరువాతి రకాన్ని దేశం మొత్తానికి 200 మాత్రమే కేటాయించి, 35 లక్షల 99 వేలకు అమ్మింది. రెండు వందల కార్లు దేశమంతటా చెదిరి ఉన్నప్పుడు ‘బజారు ధర’ అనే మాటకు అర్థం పలచబడుతుంది. దొరకడం అరుదు గనుక ఒకడు వయసును లెక్కచేయక ఎక్కువ ఇస్తాడు. మరమ్మతు భారమని మరొకడు అసలే వద్దంటాడు.

దీనికి మరో పార్శ్వముంది. ఫియట్ సంస్థ 2015లో 145 అశ్వశక్తి గల అబార్త్ పుంటోను పది లక్షల లోపు ధరకు తెచ్చింది. ఆ ధరకు అంత శక్తి అప్పట్లో అరుదు. కాని 2020 కల్లా దేశంలో ఫియట్ కార్ల అమ్మకమే ఆగిపోయింది. ఫోక్స్‌వాగన్ పోలో ఉత్పత్తి కూడా 2022లో ఇక్కడ నిలిచింది. తయారీ ఆగిన కారుకు ఇష్టపడేవాళ్లు మిగులుతారు గాని విడిభాగాలు క్రమంగా తగ్గుతాయి. కనుక అరుదైనదన్న ఒక్క కారణంతో విలువైనదని అనుకోరాదు. కొనేవాడు ఉండాలి, బాగుచేసేవాడూ ఉండాలి.

నిపుణుడు చూసేవి

అనుభవమున్న మదింపుదారు మీటరులోని కిలోమీటర్లతో మొదలుపెట్టడు, మీటరును తిప్పవచ్చు. సర్వీసు పుస్తకం, కంపెనీ కంప్యూటరులోని రికార్డు, బీమా క్లెయిముల చరిత్ర మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. తేదీలు, కిలోమీటర్లు ఒకదానికొకటి పొసగకపోతే అక్కడే ఆగుతాడు.

తర్వాత ఖర్చయ్యే భాగాలు. టర్బో ఉన్న ఇంజనుకు నూనె సకాలంలో మార్చారా అన్నది ముఖ్యం. పోలో జి.టి. వంటి కార్లలోని జంట క్లచ్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సక్రమంగా ఉంటే సుఖం. దాన్ని నడిపే మెకట్రానిక్ భాగం చెడితే ఖర్చు పెద్దది. బ్రేకు డిస్కులు, వెడల్పు టైర్లు, సస్పెన్షన్ ఈ కార్లలో త్వరగా అరుగుతాయి, వాటి ధరా ఎక్కువే. ఇటువంటి పనులకు నేరేడుచర్ల నుండి నగరం దాకా వెళ్లవలసి వస్తుంది. ఆ రాకపోకల ఖర్చు కూడా వెలలో భాగమే.

మూడవది, మార్పులు. ఇంజను కంప్యూటరులోని ప్రోగ్రామును మార్చి శక్తి పెంచడం, పొగగొట్టం మార్చడం ఈ కార్ల యజమానులలో సామాన్యం. పెట్టిన ఖర్చంతా వెలకు కలుస్తుందని యజమాని భావిస్తాడు. వాస్తవం చాలాసార్లు అందుకు విరుద్ధం. పెంచిన శక్తి గేర్‌బాక్స్ మీద భారం వేస్తుంది. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. తీసేసిన అసలు భాగాలను భద్రపరచి కారుతో పాటు ఇచ్చే యజమానికి మంచి వెల పలకడానికి కారణమిదే.

ధర్మశాస్త్రంలో ‘లోపం’ అంటే

హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ‘హిదాయా’ లోపానికి ఇచ్చిన నిర్వచనం ఆశ్చర్యకరంగా ఆచరణాత్మకమైనది. వర్తకుల వాడుకలో ఏది వెలను తగ్గిస్తుందో అదే లోపం. తుర్కీ ఉస్మానీ ప్రభుత్వం 1869-1876 మధ్య హనఫీ న్యాయం ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ స్మృతి కూడా ఈ నిర్వచనాన్నే స్వీకరించింది. అంటే లోపమేదో తేల్చేది అమ్మేవాని అభిప్రాయం కాదు, కొనేవాని అనుమానమూ కాదు. ఆ వస్తువు ఎరిగినవాళ్ల మాట. గేర్‌బాక్స్ కుదుపును యజమాని ‘చిన్న విషయం’ అన్నా, ఆ కారు ఎరిగిన మెకానిక్ దానికి వెల తగ్గిస్తే అది ధర్మశాస్త్ర రీత్యా లోపమే.

దాచిన లోపం తర్వాత బయటపడితే కొన్నవానికి బేరాన్ని రద్దు చేసుకొనే హక్కు ఉంది. దీనినే ‘ఖియారుల్ ఐబ్’ అంటారు. అయితే అతని చేతిలో కారుకు కొత్త దెబ్బ తగిలితే తిరిగి ఇవ్వడం కుదరదు. లోపానికి తగిన తగ్గింపు మాత్రం రాబట్టుకోవచ్చు. ఆ తగ్గింపు లెక్కించే పద్ధతిని మజల్లా వివరించింది. ఉదాహరణకు ఒక కారు 9 లక్షలకు అమ్ముడయిందనుకుందాం. లోపం లేకుంటే దాని విలువ 10 లక్షలని, లోపంతో 8 లక్షలని పక్షపాతం లేని నిపుణులు చెప్పారు. తేడా అయిదో వంతు. కనుక ఒప్పుకున్న వెల 9 లక్షలలో అయిదో వంతు, అంటే లక్షా 80 వేలు తిరిగి ఇవ్వాలి. నిపుణుల తేడా 2 లక్షలను యథాతథంగా తీయరు. ఇరువురూ ఒప్పుకున్న బేరాన్ని గౌరవిస్తూ దాని నిష్పత్తిలోనే తీస్తారు.

సంతలో అమ్మే ముందు పాలు పితకకుండా పొదుగు నిండుగా చూపే మోసాన్ని పల్లెవాసులు ఎరుగుదురు. దైవప్రవక్త (స) దాన్ని నిషేధించి, మోసపోయిన వానికి మూడు రోజుల ఎంపిక హక్కు ఇచ్చినట్లు హదీసు ఉంది. ఆ హక్కు వివరాలలో ఇమాముల మధ్య భేదాభిప్రాయాలున్నా ఆ పని మోసమన్న విషయంలో భేదం లేదు. ఇంజను హెచ్చరిక దీపాన్ని స్కానరుతో చెరిపి కారును చూపడం ఇటువంటిదే. కొంత దూరం నడిచాక దీపం మళ్లీ వెలుగుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది.

నడిపి చూడడం

ఈ కార్లను నడిపి చూడకుండా వెల కట్టలేరు. నడిపేటప్పుడు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని బేరమాడి పరీక్షించడానికి ఎక్కగా అది దెబ్బతిన్నదని, ఆయన తిరిగి ఇవ్వబోతే యజమాని ఒప్పుకోలేదని ఉల్లేఖనం ఉంది. మధ్యవర్తిగా వచ్చిన షురైహ్, కొన్నదాన్ని ఉంచుకోవాలని, లేదా తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఖలీఫాకే వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఆ న్యాయబుద్ధిని మెచ్చి ఉమర్ (రజి) ఆయనను కూఫా న్యాయాధిపతిగా నియమించారు. కనుక నడపడానికి ముందే బీమా అమలులో ఉందా, దెబ్బ తగిలితే భరించేదెవరు అన్నవి మాట్లాడుకోవడం అవిశ్వాసానికి గుర్తు కాదు.

ఎక్స్‌ఛేంజి: ఒక బేరంలో రెండు అమ్మకాలు

పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోవడంలో ఒకే వ్యక్తి ఒకే గంటలో అమ్మకందారూ, కొనుగోలుదారూ అవుతాడు. చిక్కంతా ఇక్కడే. పాత కారుకు లక్ష తక్కువ కట్టి, ‘ఎక్స్‌ఛేంజి బోనస్’ పేరుతో యాభై వేలు ఇస్తే వినియోగదారునికి లాభంగానే కనిపిస్తుంది.

ధర్మశాస్త్రంలో ఈ మార్పిడి నిషిద్ధం కాదు. పాత బంగారానికి కొత్త బంగారం తూకం తేడాతో మార్చుకోవడం హదీసు నిషేధించిన వడ్డీ రూపం. కారు ఆ కోవలోనిది కాదు గనుక కారుకు కారు, పైన కొంత నగదు ఇచ్చుకోవచ్చు. అయితే వెల అస్పష్టంగా ఉండరాదు. పాత కారుకు ఎంత, కొత్త కారుకు ఎంత, తగ్గింపు ఎంత అన్నవి మూడు వేర్వేరు వరుసల్లో రాయించుకోవాలి. కొత్త కారు బేరం తెగిన తర్వాతే పాత కారు మాట ఎత్తడం, అంతకు ముందే దానికి ఇంకో ఇద్దరి దగ్గర ధర కట్టించుకోవడం మంచిది.

వ్యాపారి పక్షమూ వినాలి. అతడు ఇచ్చే వెల, అమ్మే వెల ఒకటిగా ఉండవు. మరమ్మతు, అమ్ముడయ్యేదాకా నిలిచిపోయే పెట్టుబడి, అతని న్యాయమైన లాభం ఆ తేడాలో ఉన్నాయి. పన్ను కూడా ఉంది. పాత వాహనాల మీద 18 శాతం రేటును 2024 డిసెంబరులో జి.ఎస్.టి. మండలి ఖరారు చేసింది. అది మొత్తం వెల మీద కాక వ్యాపారి మార్జిన్ మీదే పడుతుంది. అరుదైన కారు నెలల తరబడి షెడ్డులో నిలిచే ప్రమాదమూ అతనిదే. కనుక తక్కువ ధర ప్రతిదీ మోసం కాదు. కాని ధర తెలియని వాని అమాయకత్వాన్ని ఆదాయంగా చేసుకోవడం వేరు. బజారుకు వస్తున్న బిడారానికి ఎదురేగి ధర తెలియనివ్వకుండా సరుకు కొనడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. ఏది ఘోరమైన వెల తేడా అన్నదానికి మజల్లా కొలత పెట్టింది: సరుకులో ఇరవయ్యో వంతు, పశువులలో పదో వంతు, స్థిరాస్తిలో అయిదో వంతు. మోసంతో కలిసిన ఇటువంటి తేడా బేరాన్ని రద్దు చేయదగినది.

దివ్య ఖుర్ఆన్ ‘ముతఫ్ఫిఫీన్’ సూరా ఆరంభంలో, తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని తీవ్రంగా హెచ్చరించింది. ఇది వ్యాపారి ఒక్కడికే చెప్పిన మాట కాదు. తన పాత కారు గేర్‌బాక్స్ సంగతి దాచి, ఎదుటి కారుకు ప్రతి గీతనూ వేలు పెట్టి చూపే యజమాని చేతిలో కూడా రెండు త్రాసులే ఉన్నాయి.

కాగితాలు

వెల కుదిరాక కాగితాల అలక్ష్యం పెద్ద నష్టం తెస్తుంది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా శాఖకు తెలపాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలున్నాయి. ఫైనాన్సు తీరినట్లు ఆర్.సి.లో నమోదు కావాలంటే 35వ ఫారం కావాలి. పేరు మారకముందే కారు ప్రమాదం చేస్తే పరిహార బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అధీకృత వ్యాపారికి కారు అప్పగించినప్పుడు ఆ సంగతిని రవాణా శాఖకు తెలిపే విధానం 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. అది పూర్తయిందో లేదో అమ్మినవాడు స్వయంగా చూసుకోవాలి.

‘ఉన్నది ఉన్నట్లు’ అన్న షరతుతో అమ్మితే హనఫీ న్యాయంలో తరువాత లోపం పేరిట హక్కు అడిగే వీలుండదు. న్యాయస్థానంలో ఇది అమ్మేవానికి రక్ష. కాని తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ షరతుతో తొలగదు.

వెల ఎరిగినవాని బాధ్యత ఎంతవరకు అన్నదానికి సహాబీ జరీర్ (రజి) ఉదంతం ఉంది. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేసి యజమానిని వెంట తెచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్, అది అంతకన్నా మేలైనదని చెప్పి, నూరు నూరుగా పెంచుతూ 800కు కొన్నారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స)కు చేసిన ప్రతిజ్ఞే దానికి కారణమన్నారు. అందరూ అంత ఎత్తుకు ఎదగలేకపోవచ్చు. కనీసం తనకు తెలిసిన లోపాన్ని ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, తాళంచెవితో పాటు ఇవ్వడం ఏ యజమానికైనా సాధ్యమే.