శ్రుతి ఎందుకు? తాళం ఎలా?

హార్మోనియంలో ‘స’ ఏ మెట్టు మీద ఉంటుంది? ఏ మెట్టు మీదైనా ఉండొచ్చు! కర్ణాటక సంగీతంలో ‘స’కు స్థిరమైన చోటు లేదు. కిందికీ పైకీ గొంతు హాయిగా పలికే చోటు చూసుకుని గాయకులు ‘స’ను నిర్ణయించుకుంటారు. ఆ ఆధారమే శ్రుతి. అది చెదరకూడదనే వెనక తంబుర మీటుతుంటారు.

‘స’ నుంచి పై ‘స’ వరకు ఒక స్థాయి. మీ ‘స’ సెకనుకు 200 కంపనాలైతే, పై ‘స’ 400. సరిగ్గా రెట్టింపు కాబట్టే రెండూ ఒకేలా వినిపిస్తాయి. స్వరాలు పైకి ఎక్కే వరుస ఆరోహణ, దిగే వరుస అవరోహణ. మోహన రాగంలో ‘మ’, ‘ని’ ఉండవు. మిగిలిన అయిదు స్వరాలతోనే రాగం కడతారు.

మరి కాలాన్ని కొలిచేదెలా? చేత్తోనే. ఆది తాళానికి 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. ముందు ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు: ఈ నాలుగూ లఘువు. ఆపైన దెబ్బ వేసి చెయ్యి వెల్లకిలా తిప్పితే ద్రుతం. ద్రుతం రెండుసార్లు వేస్తే ఒక ఆవర్తనం పూర్తి.

తొలి స్వర పాఠమైన సరళీ వరుసను ఒకటో కాలంలో, అంటే ఒకటో వేగంలో, అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు చొప్పున పాడండి. పాట పరుగెత్తినా చెయ్యి తొందరపడకపోతే, లయ కుదిరినట్టే.