హృదయావరణ దర్శనము
అమీర్‌పేట స్కానింగు కేంద్రములలోను, పంజాగుట్ట నిమ్స్‌లోను రొమ్మునకు తీయు సీటీ చిత్రములయందు, కుడి జఠరికకు ముందు, నల్లని రెండు కొవ్వుపొరల నడుమ, సాధారణముగా 2 మిల్లీమీటర్లకు మించని బూడిదరంగు రేఖ యొకటి గోచరించును, అదియే హృదయావరణము. ఎడమ జఠరిక ప్రక్కన కొవ్వు స్వల్పమగుటచే అది తరచుగా కనబడదు. అంతమాత్రమున లేదని తలంపరాదు. అసలు చిక్కు బృహద్ధమని వెనుకనున్నది: అచ్చట ఆవరణపు మడతలో నిలిచిన సహజద్రవము నెలవంకవలె కనబడి, వాచిన శోషరస గ్రంథియనియో, ధమని గోడ చీలికయనియో భ్రమింపజేయును. ద్రవమునకు తగిన సాంద్రతను, ధమనిని హత్తుకొనిన యాకారమును, కాంట్రాస్టు మందెక్కించినను వెలుగకుండుటను ఓపికతో పరిశీలించు వైద్యుడు రోగిని నిష్కారణమైన సూదిపరీక్షనుండి కాపాడును. ఈ విద్యలో ఇంతకంటె గౌరవింపదగిన నేర్పు నాకు కనబడదు. 4 మిల్లీమీటర్లు మించిన ఆవరణపు మందమును మాత్రము, దానిని కలిగింపగల క్షయ నేటికిని విరివిగానున్న మన దేశమున, ఉపేక్షింపరాదు.