వంతు ముగియని సేవ

ఒమన్‌లో వృద్ధుల సంరక్షణ ప్రధానంగా కుటుంబ బాధ్యత. రుస్తాక్‌లో ప్రభుత్వ వృద్ధాశ్రమం ఉన్నా, మంచం పట్టినవారికి సేవ చాలావరకు ఇళ్లలోనే జరుగుతుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లిన స్త్రీలలో ఆ సేవ చేసేవారూ ఉన్నారు.

ఆశ్రమంలో పని వంతులవారీగా సాగుతుంది. ఇంట్లో వంతు ముగియదు: పక్కకు తిప్పడం, స్నానం, మందులు, రాత్రి పిలుపు, అన్నీ ఒక్క మనిషివే. వీసాలో మాత్రం ఆమె ఇంటిపనిమనిషి. 2003 నాటి ఒమన్ కార్మిక చట్టం ఇంటిపనివారిని మినహాయించింది. 2004లో వారికి వేరే నిబంధనలు వచ్చాయి.

పదో తరగతి పాసుకాని 30 ఏళ్లలోపు స్త్రీలకు భారత ప్రభుత్వం ఈ పనికై వలస అనుమతి ఇవ్వదు. విజిట్ వీసాపై వెళ్లేవారికి ఆ రక్షణ అందదు. కనుక ఒప్పందంలోని 'ఇంటిపని'లో రోగిసేవ కూడా ఉందా అన్నది ప్రయాణానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న.