మడ అడవి - జాలరి వల

వేసవి వచ్చినదనగా మన ఆండర్సన్‌పేట అంగళ్లలో సముద్రపు చేప ప్రియమగును. దళారుల మాయయని కొందరు తల్లులు మాతో అనిరి. కొంత నిజమే కావచ్చును గాని, ముఖ్యకారణము వేరు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. పెక్కు చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది.

ఇది కాలమునుబట్టి చేయు రక్షణ. స్థలమునుబట్టి చేయు రక్షణ మరియొకటి కలదు. కాకినాడ సమీపమున గోదావరి కడలిలో కలియుచోట నున్న కోరంగి అభయారణ్యము ఇందుకు నిదర్శనము. 1978లో ఏర్పడిన దీని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్లు, పాయలు, మోకాలిలోతు బురద: క్రొత్తగా చూచువారికి పనికిమాలిన నేలవలె తోచును. అయితే టైగరు రొయ్య సముద్రములో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటునీటితో ఈ పాయలలోనికి వచ్చి, మడవేళ్ల సందున దాగి, కుళ్లిన ఆకుల నుసి తిని పెరిగి, మరల కడలికి పోవును. కావున మడ నరికినవాడు ఎక్కడో దూరమున వల వేయు జాలరి కడుపు కొట్టుచున్నాడు.

పండుగప్ప సంగతి ఇంకను వింత. అది మొదట మగచేప. కొన్ని యేండ్లు పెరిగి పెద్దదైన పిమ్మటనే ఆడుదగును! పెద్దవానినన్నిటిని పట్టివేసినచో తల్లియే మిగులదు. వేటలేని చోటు కొంత యున్నచో అట్టివి కొన్ని దక్కి, ఒక్కొక్కటి లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. మనము గీచిన హద్దులు పిల్లచేపలకు తెలియవు గదా, అవి వెలుపలి నీళ్లకును చేరును. ఈ మేలు ఒక్క యేట కనబడునది కాదు.

మన పెద్దలు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి త్రవ్విన బంగారము మరల పుట్టలేదు. 2001లో గనులు మూతపడినవి. చేప మరల పుట్టును, తల్లిని మిగిల్చినచో.

అయినను ఆ 61 దినములు జాలరి యింట ఎసరెట్లు పెట్టుదురు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విరామకాల భృతిని 2025లో కుటుంబమునకు 10 వేల నుండి 20 వేల రూపాయలకు పెంచినది. రెండు నెలలకు అది చాలునో చాలదో ఇల్లు నడుపు తల్లులకు మేము చెప్పనక్కరలేదు. అభయారణ్యపు చిక్కును ఇట్టిదే. వంటచెరకునకు, పీతలకు ఆ పాయలనే నమ్ముకొన్న ఊళ్లవారిని వెళ్లగొట్టి కాపలా పెట్టినంత మాత్రమున అడవి నిలువదని మా అభిప్రాయము. 1990ల చివర గోదావరి మడ అడవులలో అటవీశాఖవారు, స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు గ్రామస్థులను పనిలో చేర్చుకొనిరి. పోటునీరందక మోడువారిన నేలలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి నీరు పారించిరి. ఆ గట్ల ప్రక్కన మడమొక్కలు నాటిరి.