రైతుబంధు: సాయం ఎవరికి చేరింది?

రైతుబంధు పథకం 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో మొదలైంది. పట్టాదారుకు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు. 2019 నుంచి 5,000 చేశారు. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా విత్తనం, ఎరువు కొనుక్కునే వీలు చిన్న రైతుకు కలిగింది. ఇది నిజమైన మేలు.

అయితే సాయానికి ఎకరాల పరిమితి లేదు. రెండెకరాల రైతుకు ఏడాదికి 20,000 వస్తే, యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు వచ్చాయి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ నుంచి ఆదాయపు పన్ను చెల్లించేవారిని మినహాయించారు. రైతుబంధులో ఆ వడపోత లేదు. పైగా 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) వ్యవసాయ ఆదాయానికి పన్ను మినహాయించింది. దాంతో పెద్ద భూస్వామికి రెండు వైపులా లాభమే. సాగుచేయని గుట్టలకు, ప్లాట్లుగా మారిన భూములకు కూడా సొమ్ము చేరింది.

నష్టపోయింది కౌలు రైతు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పత్తి వేసేది అతను. సాయం అందేది పట్టా ఉన్నవారికి. ఆదిలాబాద్ అడవుల్లో పట్టా లేని పోడు రైతులదీ అదే గతి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలయ్యాకే వారిలో చాలామందికి దారి తెరుచుకుంది.

రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 ఇస్తూ, సాగుకు పనికిరాని భూములను తొలగించింది. అదే రోజు భూమిలేని కూలీల కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రారంభమైంది. న్యాయం పూర్తికావాలంటే ఎకరాల పరిమితి, కౌలుదారుకు గుర్తింపు రెండూ తప్పనిసరి.